బీబీ గ్లాసు మీద మూడు బొట్లు

ఈ గ్లాసు గురించి రాయొద్దని మా అమ్మాయి చెప్పింది. అందుకే రాస్తున్నాను.

గ్లాసంటే గొప్పదేం కాదు. టీకొట్టు గ్లాసుకంటే కాస్త పొట్టి, అడుగు మందం, అంచు చుట్టూ నూనెపొగ పట్టి గోధుమరంగుకి తిరిగింది. కిందటేడు మా అమ్మ పోయాక ఆవిడ దేవుడి పెట్టె సర్దుతుంటే అన్నిటికన్నా అడుగున, నీలంగీతల చొక్కాగుడ్డ ముక్కలో చుట్టి కనబడింది. చూడగానే గుర్తుపట్టాను, అక్కడే నేలమీద కూలబడి కాసేపు ఏడ్చాను. మా అమ్మాయి శైలజ బహ్రెయిన్‌లో ఉద్యోగం చేస్తుంది, మనామా ఊళ్ళో జుఫైర్ పేటలో, ఇరవైరెండో అంతస్తులో కాపురం. దాన్ని చూడ్డానికి వస్తూ గ్లాసుని చేతిసంచిలో పెట్టుకొచ్చాను. "ఏంటమ్మా ఇది, ఇక్కడ గ్లాసులు దొరకవా?" అని నవ్వింది. కథంతా చెప్పాక నవ్వు ఆగిపోయింది. "ఇది మనలో మనం చెప్పుకునే సంగతమ్మా. కాగితం మీద పెట్టకు. లోకం అసలే బాగాలేదు. యూదులని రాస్తే ఒకడు తిడతాడు, అరబ్బులని రాస్తే ఇంకొకడు తిడతాడు. మనకెందుకొచ్చిన గొడవ?" అంది.

మనకెందుకొచ్చిన గొడవ. ఇదే ఊళ్ళో, ఇదే మాట, నా తొమ్మిదో ఏట మా నాన్న నోట విన్నాను. అప్పుడు ఆ మాట నెగ్గలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు నెగ్గనిస్తాను?

నాన్న చెడ్డవాడు కాడు, జాగ్రత్తపరుడు. అవాలిలో చమురు కంపెనీ డ్రాయింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. తెల్లవారుతూనే కంపెనీ బస్సెక్కి ఎడారిలోకి వెళ్ళి, సాయంత్రం వేళ్ళకి నల్లసిరా మరకలతో తిరిగొచ్చేవాడు. అవాలిలో తెల్లవాళ్ళకి పచ్చికా, ఈతకొలనూ ఉండేవి. మాబోటివాళ్ళకి అక్కడ కొలువే తప్ప కాపురం లేదు. అందుకని మనామాలో, బజారు వెనక సందులో, హాజీ జాసిం అనే ఆయన ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. మందపాటి గోడలు, మధ్యలో వాకిలి, పైన డాబా. డాబాలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి, నడుమెత్తు పిట్టగోడ దాటితే పక్కిల్లు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ ఇంటి వాసనే ముందొస్తుంది. ఉప్పుగాలికి చెమ్మెక్కిన సున్నం, కిరసనాయిలు స్టవ్వు, వీధిలోంచి వచ్చే ఎండుచేపల కంపు, దాన్ని తరిమికొట్టడానికి పూటపూటా అమ్మ వేసే సాంబ్రాణి. చేపల కంపే నెగ్గేదనుకోండి, అమ్మ మాత్రం వెయ్యడం మానేది కాదు.

పిట్టగోడ అవతల బీబీ ఉండేది. బీబీ అంటే వాళ్ళలో నానమ్మ. వాళ్ళు యూదులు. ఎప్పుడో తాతలనాడు బాగ్దాదు నుంచి వచ్చి బట్టల వ్యాపారంలో స్థిరపడ్డారు. కొడుకు నయీమ్‌కి బజార్లో చొక్కాగుడ్డల కొట్టు. మనవరాలు రహీమా నా ఈడుది, పుట్టగానే తల్లి పోయింది. బీబీ సందులోని ఆడవాళ్ళందరిలాగే నల్ల అబాయా కప్పుకునేది, అరబ్బీయే మాట్లాడేది. చిన్నప్పుడు బొంబాయిలో ఉండటంవల్ల హిందీ కూడా వచ్చు. మా అమ్మకీ హిందీ వచ్చు, అంటే వచ్చని ఆవిడ అనుకునేది. వాళ్ళిద్దరి హిందీ హిందీవాళ్ళకి అర్థమయ్యేది కాదు గాని, వాళ్ళిద్దరికీ బ్రహ్మాండంగా అర్థమయ్యేది.

వాళ్ళని కలిపింది స్నేహం కాదు, మడి. మా ఇంట్లో నీచు వండరు, గుడ్డు గడప దాటి లోపలికి రాకూడదు, మడి కట్టుకున్న అమ్మని తాకితే మళ్ళీ తలస్నానమే. బీబీ ఇంట్లో మాంసం వండిన గిన్నెలో పాలు పొయ్యరు, పాలగిన్నెలూ మాంసం గిన్నెలూ వేరే అలమారాలు, ఊళ్ళో ఎవరింట్లోనూ చెయ్యి కడగరు. ఒకావిడ అంటుకి రెండో ఆవిడ హడలిపోయేది. చాలాకాలం పిట్టగోడకి చెరోవైపు నిలబడి, జానెడు దూరం ఉంచుకుని మాట్లాడుకున్నారు. ఒకరోజు బీబీ, "కామేశ్వరీ, మీ వంటింట్లోకి మాంసం ఎప్పుడూ రాలేదా? ఒక్కసారి కూడా?" అని అడిగింది. అమ్మకి చెప్పలేనంత కోపం వచ్చి, ఏనాడూ రాలేదంది. బీబీ మొహం మాత్రం వెలిగిపోయింది. "అయితే ఈ ఊరు మొత్తంలో నేను తినదగ్గ పరాయి ఇల్లు మీదొక్కటే" అని, అప్పటికప్పుడు గోడ మీంచి చెయ్యి చాచి అమ్మ చేతిలోని బెండకాయ పులుసు గిన్నె అందుకుంది. అమ్మ ఆ మాట చచ్చేదాకా నలుగురికీ గొప్పగా చెప్పుకుంది.

శుక్రవారం సాయంత్రం రెండిళ్ళకీ పెద్ద హడావిడి. మా ఇంట్లో గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, నడింట్లో గోడగూట్లో లక్ష్మీదేవి పటం ముందు ఇత్తడి కుందిలో దీపం. ఆ దీపం కొండెక్కకుండా చూసుకుంటూ, ఒత్తి మసకబారితే నువ్వులనూనె పొయ్యడం నా డ్యూటీ. బీబీ ఇంట్లో ఈ గ్లాసు. సగం నీళ్ళు, పైన నూనె, నూనెలో తేలే ఒత్తి. సూర్యుడు దిగకముందే వెలిగించి, రెండు చేతులతో కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కునేది. చీకటి పడితే వాళ్ళకి విశ్రాంతి దినం మొదలు. ఇక మర్నాటి చీకటిదాకా నిప్పు ముట్టించకూడదు, ఉన్న దీపాన్ని ఆర్పకూడదు, నూనె పొయ్యకూడదు, తియ్యకూడదు. శనివారం పొద్దున్న వాళ్ళ స్టవ్వు ఎవరో ఒక తురక పిల్లవాడు వచ్చి వెలిగించి పోవాల్సిందే. మా ఇంటాయన హాజీ జాసిం కూడా చిన్నప్పుడు ఆ పని చేసినవాడే, స్టవ్వుకో ఖర్జూరం ముద్ద జీతం.

ఆ వేసవిలో యుద్ధం వచ్చింది. మా ఊళ్ళో కాదు, ఎక్కడో పడమట, యూదుల దేశానికీ చుట్టూ ఉన్నవాటికీ. రేడియో చుట్టూ జనం మూగేవారు, తరవాత ఊరేగింపులు. మూడోరోజున ఎవరో నయీమ్ కొట్టు తలుపులు విరగ్గొట్టి, చొక్కాగుడ్డల తానులు వీధిలో పరిచి తొక్కారు. ఆయన సరుకు కోసం బొంబాయి వెళ్ళి ఉన్నాడు. ఇంట్లో ముసలావిడా, తొమ్మిదేళ్ళ పిల్లా. ఆ మధ్యాహ్నం అమ్మ డాబామీద వడియాలు తీస్తుంటే పిట్టగోడ మీంచి ముందు రహీమా దూకింది, వెనక ఒక మూట వచ్చింది, ఆ వెనక అబాయా ఎగ్గట్టుకుని బీబీ వచ్చింది. మూటలో రెండు జతల బట్టలు, ఒక ప్రార్థన పుస్తకం, ఈ గ్లాసు.

నాన్న అవాలి నుంచి వచ్చి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "మనం పొట్టకోసం వచ్చినవాళ్ళం. మనకి పూచీ ఉన్న కఫీల్‌కి తెలిస్తే మర్నాడే ఓడెక్కిస్తారు. మనకెందుకొచ్చిన గొడవే?" అన్నాడు.

"గొడవ గోడ దూకి వచ్చేసిందండీ. ఇప్పుడేం చేద్దాం, మళ్ళీ గోడ మీంచి అవతలకి విసిరేద్దామా?" అంది అమ్మ.

నాన్న విసరలేదు. కానీ షరతులు పెట్టాడు. సామాన్ల గదిలో ఉండాలి, గట్టిగా మాట్లాడకూడదు, అలికిడైతే బీబీ చీరా, రహీమా నా పరికిణీ కట్టుకుని, బొట్టు పెట్టుకోవాలి. బీబీ అంతా విని సామాన్ల గదికేసి చూసింది. "అబూ రాజ్యం," అంది. మా నాన్నని నా పేరుమీద, రాజ్యం తండ్రీ అని అలాగే పిలిచేది. "నా కొడుకు చంకలో ఉన్నప్పుడు ఒకసారి ఇలాగే ఊరు మామీద పడింది. ఈ హాజీ వాళ్ళమ్మ మమ్మల్ని పిండిగదిలో మూడు రోజులు దాచింది. బిడ్డ ఏడవకుండా నోరు మూసి మూసి, నా చేతికిందే వాడు నీలంగా మారిపోయాడు. బతికాడు గాని, ఆరోజు నేనొక మాట అనుకున్నాను. ఇకమీదట ఎవరింట్లో దాక్కున్నా మనిషిలా కూచుంటాను, మూటలా కాదు. పిల్లకి పరికిణీ కట్టండి. గుడ్డ ఏదైతేనేం. నుదురు మాత్రం మాది."

నాన్న ఏదో అనబోయాడు. అమ్మ కళ్ళతోనే ఆపేసింది. మా అమ్మ మొండితనాన్ని గౌరవించేది, తనదగ్గర పుష్కలంగా ఉండబట్టి.

రెండ్రోజుల్లో శుక్రవారం వచ్చింది, నాన్నకి సెలవు. మధ్యాహ్నం బీబీ గ్లాసు తీసి తుడుస్తుంటే నాన్నకి ప్రాణం పోయినంత పనైంది. "ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలవా? ఆ గ్లాసుదీపం ఎవరిదో ఈ సందులో ప్రతివాడికీ తెలుసు. ఈ వారానికి మానెయ్యమను" అన్నాడు. అమ్మ తన హిందీలో ఆ మాట చేరవేసింది. బీబీ మానను అంది. అరగంటసేపు బేరం జరిగాక ఒప్పందం కుదిరింది. గ్లాసు గోడగూట్లో మా కుంది వెనక ఉంటుంది, నూనె మాత్రం పైపైన, అరగంటకి సరిపడా. పూర్తి చీకటి పడేలోపు దానంతటదే కొండెక్కుతుంది. బీబీ చెంచాతో నూనె కొలిచి పోసింది. ఆ కొలిచేటప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయానని అమ్మ తరవాత చెప్పేది. వెలిగించి, కళ్ళు మూసుకుని, గొణుక్కుని, తలుపు వెనక నులకమంచం మీద నిటారుగా కూచుంది.

ఇక నా నిర్వాకం వినండి. ఒప్పందం పెద్దవాళ్ళమధ్య జరిగింది, నాకెవరూ చెప్పలేదు. చీకటి పడ్డాక నడింట్లోకి వచ్చి చూద్దును కదా, గ్లాసులో ఒత్తి టపటపలాడుతోంది. శుక్రవారం పూట, లక్ష్మీదేవి ముందు, నా డ్యూటీలో దీపం కొండెక్కడమే! నూనెసీసా తెచ్చి గ్లాసు అంచుదాకా పోసేశాను. మంట మళ్ళీ లేచి నిలబడింది. వెనక రహీమా కెవ్వుమనబోయి నోరు మూసుకుంది. బీబీ చూసింది. ఇప్పుడు ఆ నూనె ఆవిడ తియ్యకూడదు, తియ్యమని మాతో అనకూడదు. కాసేపు దీపంకేసీ నాకేసీ చూసి, చిన్నగా నవ్వి, "నేను అరగంట అడిగాను. రాజ్యం నాకు రాత్రంతా ఇచ్చింది" అంది.

సరిగ్గా అప్పుడు వీధి తలుపు దబదబ మోగింది. సందులో చాలా గొంతులు. పక్కిల్లు ఖాళీగా ఉందనీ, ముసలిది ఇక్కడే ఎక్కడో దాక్కుందనీ అరుస్తున్నారు.

నాన్న గూటిదగ్గరికి ఒక్క అంగలో వెళ్ళాడు. "నోటితో ఊదనులే. పువ్వుతో కొండెక్కిస్తాను. దోషం లేదు" అని పటం మీది పువ్వు అందుకున్నాడు. బీబీ లేచి గూటికి అడ్డంగా నిలబడింది. అరవలేదు, బతిమాలలేదు. "నేనూ పిల్లా డాబా మీంచి వెళ్ళిపోతాం. నీ ఇల్లు నీకు క్షేమంగా ఉంటుంది. దీపం జోలికి రాకు" అంది. రహీమా నా పరికిణీలో, బొట్టులేని నుదుటితో, నా చెయ్యి పట్టుకుని బిగుసుకుపోయింది. పిల్ల చెయ్యి అంత చల్లగా ఉండటం నాకు ఇప్పటికీ అరచేతిలో గుర్తు.

"ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు" అంది అమ్మ. "శుక్రవారం నా ఇంట్లో వెలిగిన దీపాన్ని ఆర్పడానికి మీ చేతులెలా వచ్చాయండీ? తప్పుకోండి." కుంకుమభరిణ తీసి, ఉంగరంవేలు ముంచి, గ్లాసు మీద వరసగా మూడు బొట్లు పెట్టింది. ఆ గ్లాసుని కొంగుతో పట్టుకుని నడిచివెళ్ళి, తనే వీధితలుపు తీసి, పసుపు రాసిన గడపమీద నట్టనడుమ పెట్టింది.

అయిదారుగురు కుర్రాళ్ళు, చేతుల్లో కర్రలు. మా సందువాళ్ళు కారు. వాళ్ళ వెనక రొప్పుకుంటూ హాజీ జాసిం. ఒకడు లోపలికి అడుగెయ్యబోయి గడపమీది మంట చూసి ఆగాడు. "ఇది యూదుల దీపం కాదూ?" అన్నాడు. అమ్మ నడుంమీద చెయ్యి వేసుకుని, "ఇవాళ జుమ్మా. మా లక్ష్మి రోజు. బొట్టు కనబడటంలేదూ? జుమ్మా జుమ్మాకీ పెడతాను, మీ హాజీనే అడగండి. దీపం దాటి ఆడకూతురింట్లోకి ఎవడొస్తాడో రండి చూస్తాను" అంది. సగం హిందీ, సగం తెలుగు. కోపానికి భాష అడ్డం రాలేదు.

హాజీ ముందుకొచ్చి గ్లాసుకేసి చూశాడు. చిన్నతనంలో ప్రతి శనివారం స్టవ్వు వెలిగించడానికి వెళ్ళినప్పుడు ఆ గ్లాసుని కొన్ని వందలసార్లు చూసి ఉంటాడు. చాలాసేపు చూశాడు. "హిందువులు. శుక్రవారం దీపం పెడతారు. నా ఇల్లు, నాకు తెలీదా?" అన్నాడు. "యల్లా, ఖలాస్. పదండి." వాళ్ళు గొణుక్కుంటూ కదిలారు. అందరూ మలుపు తిరిగాక హాజీ వంగి, గాలి తగలకుండా గ్లాసుని వేలితో రెండంగుళాలు లోపలికి జరిపి, మా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

తలుపు గడియ వేశాక అమ్మ అక్కడే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. నాన్న మంచినీళ్ళు తెచ్చి తాగించాడు. బీబీ వచ్చి గ్లాసు మీది కుంకుమ చూసి నొసలు ముడిచింది. అమ్మ ముక్కు తుడుచుకుని, "నుదురు మీది అన్నారు. గ్లాసు సంగతి ఏమీ అనలేదుగా" అంది. ముందు బీబీ నవ్వింది, తరవాత రహీమా, ఆఖరికి నాన్న కూడా.

ఆ తరవాత వారం వాళ్ళు మాతోనే ఉన్నారు. డాబామీద వేరే స్టవ్వు మీద గుడ్లు ఉడకబెట్టుకోవడానికి అమ్మ బీబీకి అనుమతి ఇచ్చింది. అది ఎంత పెద్ద సంగతో మా అమ్మని ఎరిగినవాళ్ళకే తెలుస్తుంది. మరుసటి శుక్రవారం నాన్న నోరెత్తకుండా నూనెసీసా తెచ్చి బీబీ ముందు పెట్టి బజారుకి వెళ్ళాడు. అల్లర్లు చల్లారి నయీమ్ వస్తున్నాడని కబురందాక, బీబీ డాబా దారి పట్టలేదు. "పైనించి దిగాను, వీధిలోంచి వెళతాను" అని పట్టపగలు, మొహం దాచుకోకుండా, రహీమా చెయ్యి పట్టుకుని సందులో నడిచింది. తన గుమ్మం ముందు చెత్తంతా ఊడ్చింది. అందరూ చూసేలా, కావాలనే చాలాసేపు ఊడ్చింది.

మరుసటేడు వాళ్ళు లండన్ వెళ్ళిపోయారు. వెళ్ళేముందు బీబీ గ్లాసుని చొక్కాగుడ్డలో చుట్టి, "దీనికి నీ దేవత ముద్ర పడింది, ఇక ఇది నీదే" అని అమ్మకిచ్చింది. చాలా ఏళ్ళకి రహీమా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. బీబీ పోయిందని రాసింది. ఇంకో మాట కూడా రాసింది. ప్రాణాపాయం వస్తే ఆ దీపం ఆర్పవచ్చునని వాళ్ళ ధర్మమే చెబుతుందట. బీబీకి ఆ సంగతి బాగా తెలుసట. ఎందుకు ఆర్పనివ్వలేదని అడిగితే, "ఆరోజు భయపడి ఆర్పితే, ఆ తరవాత ఏ శుక్రవారం వెలిగించినా అది ఆర్పిన దీపమే అయ్యేది" అందట. పిల్లని పక్కన పెట్టుకుని అలాంటి పంతం తప్పని మీరనవచ్చు. నేనూ బిడ్డని కన్నాక కొన్నేళ్ళు అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

మొన్న శైలజ చేత బలవంతంగా కారు తీయించి ఆ సందుకి వెళ్ళాను. ఇల్లు నిలబడే ఉంది. ఇప్పుడందులో తెలంగాణ నుంచి పనికి వచ్చినవాళ్ళు గదికి ఎనిమిదిమంది చొప్పున ఉంటున్నారు. ఒకతను తలుపు తీసి, "ఎవలు గావాలె అమ్మా?" అన్నాడు. పేరు గంగారాం, నిజామాబాదు దిక్కు. సంగతి చెబితే, "గట్లనా! రాండ్రి, లోపటికి రాండ్రి. సామానంత గిట్లనే పడున్నది, ఏమనుకోకుండ్రి" అని దారిచ్చాడు. నడింట్లో ఇనుపమంచాలు, తీగల మీద బనీన్లు. గోడగూడు మాత్రం అలాగే ఉంది, అందులో చిన్న ఎల్లమ్మ పటం, మట్టి ప్రమిద. "మా సూపర్‌వైజర్ మంట ముట్టియ్యొద్దన్నడమ్మా. గని శుక్రారం నాడు మేం ముట్టిస్తనే ఉంటం. దుబాయికి అచ్చినమని దేవుణ్ణి ఇడుస్తమా?" అన్నాడు. గల్ఫ్‌లో ఏ ఊరైనా వాళ్ళకి దుబాయే. గూటి పైన సున్నానికి పట్టిన మసి మీద చెయ్యి వేసి చూశాను. శైలజ కూడా నా పక్కకొచ్చి ఆ మసిని వేలితో తాకింది.

ఆ రోజుల్లో డాబా మీంచి దూకితే పక్కింట్లో పడేవాళ్ళం. ఇప్పుడు మా అమ్మాయి అంతస్తులో నాలుగు తలుపులున్నాయి, ఏ తలుపు వెనక ఎవరున్నారో దానికి తెలీదు. రేపు ఎవరికైనా ఆపదొస్తే ఏ గోడ దూకాలి? నాకిదే బాధ, దాచుకోను. పొగ అలారం మోగుతుందని దేవుడి దగ్గర కూడా ఇక్కడ బ్యాటరీ దీపమే. నూనె అక్కర్లేదు, ఒత్తి అక్కర్లేదు, ఎవరికీ భయపడక్కర్లేదు.

ఇవాళ శుక్రవారం. సూర్యుడు ఓడల వెనక దిగుతున్నాడు. గ్లాసు కడిగి, సగం నీళ్ళు పోసి, కిటికీ దగ్గర బల్లమీద పెట్టాను. ఎదుటి కిటికీల్లోవాళ్ళకి కనబడేట్టే పెట్టాను. కుంకుమ పెట్టలేదు, ఇవాళ అది బీబీ దీపం. శైలజ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. అలారం అంటుంది, ఎదురు టవర్లోవాళ్ళు చూస్తారంటుంది, మనకెందుకంటుంది అనుకుని జవాబులన్నీ సిద్ధం చేసుకుని కూచున్నాను. అది లోపలికి వెళ్ళి నువ్వులనూనె సీసా పట్టుకొచ్చింది. మూత తీసి, గ్లాసు మీదికి వంచి ఆగింది.

"ఎంత పొయ్యనమ్మా?"

"అంచుదాకా" అన్నాను.